పాత కారు స్టీరియోకి ఆక్స్ పిన్ మనమే పెట్టుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద మారుతి 800లు, జెన్‌లు, పాత శాంత్రోలు, ఇండికాలు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ మరో ఐదేళ్లకి రెన్యూవల్ చేయించుకుని మరీ వాడుకుంటున్నారు జనం. బండికి ఏ లోటూ ఉండదు గానీ డాష్‌బోర్డులో క్యాసెట్ సెట్టో, వట్టి సీడీ సెట్టో ఉంటుంది, ఫోన్లో పాట అందులో రాదు. కారు డెకరేషన్ షాపుకి వెళ్తే "అది తీసీయండి బాబూ, బ్లూటూత్ సెట్టు పెట్టీస్తాను" అంటారు. తీసేయకండి. రేడియో శుభ్రంగా పలుకుతోందంటే ఆ సెట్టులో ఆంప్లిఫయర్, స్పీకర్లు, వైరింగ్ అన్నీ బాగున్నట్టే. మీకు కావలసింది ఫోన్ సిగ్నల్ లోపలికి వెళ్లడానికి ఒక దారి, అంటే ఆక్స్ సాకెట్, అంతే.

ఆ దారి ఎక్కడ తెరవాలన్నదే అసలు విషయం. ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, దాన్ని వాల్యూమ్ కంట్రోల్‌కి ముందే కలపాలి, అప్పుడే పెంచడం తగ్గించడం మీ చేతిలో ఉంటుంది. స్పీకర్ వైర్లకి మాత్రం ఫోన్ వైరు ఎప్పుడూ తగిలించకండి. ఈ సెట్లలో చాలావాటికి స్పీకర్ వెళ్లే రెండు వైర్ల మీదా దాదాపు 6 వోల్టులు నిలిచి ఉంటాయి, మైనస్ వైరు కూడా ఎర్త్ కాదు. అక్కడ జాక్ కలిపితే ఫోన్ పోతుంది, లేదా ఆంప్లిఫయర్ ఐసీ (చిప్) పోతుంది.

ముందు, విప్పకుండానే అయ్యే పనేమో చూసుకోండి

క్యాసెట్ బాగా తిరుగుతుంటే క్యాసెట్ అడాప్టర్ చాలు. చూడ్డానికి క్యాసెట్‌లాగే ఉంటుంది, పక్కనుంచి వైరు వస్తుంది, లోపలి చిన్న హెడ్ మన సెట్టు హెడ్‌కి (టేపుని చదివే భాగానికి) ఎదురుగా నిలబడి సిగ్నల్ అందిస్తుంది. మ్యూజిక్ కాస్త మందంగా వినిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో సెట్టు హెడ్ తుడవండి, చాలాసార్లు దాంతోనే తేడా తెలుస్తుంది. ఆటో రివర్స్ ఉన్న సెట్లు కొన్ని ఈ అడాప్టర్‌ని ఊరికే అటూ ఇటూ తిప్పుతుంటాయి, వాటికిది కుదరదు.

సిగరెట్ లైటర్‌లో పెట్టే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ నాకు నచ్చదు. పలాస, టెక్కలి వైపు ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరికితే బాగానే ఉంటుంది గానీ హైవే మీద విశాఖ వైపు వస్తున్నకొద్దీ అక్కడి స్టేషన్లు వచ్చి మీద పడతాయి, దారి పొడవునా నంబరు మార్చుకుంటూ కూర్చోవాలి. డ్రైవింగ్‌లో ఆ పని అస్సలు వద్దు.

సెట్టు వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు కనిపిస్తే ఆశ పుడుతుంది. వాటి పక్కన ఏం రాసుందో చదవండి. ఆక్స్ ఇన్ అని ఉంటే మీ పని అయిపోయినట్టే, ఆర్‌సీఏ నుంచి 3.5 మిల్లీమీటర్ల జాక్‌కి కేబుల్ కొనుక్కుంటే సరి. లైన్ అవుట్, ప్రీ అవుట్, రియర్ అవుట్ అని ఉంటే అవి బయటికి పంపేవి, ఫోన్ పెట్టినా పలకవు.

ఇవేవీ కుదరనప్పుడే సెట్టు విప్పాలి

కావలసినవి: 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 లెడ్ (టంకం తీగ), మల్టీమీటర్, మీటరు షీల్డ్ వైరు (లోపల రెండు తీగలు, చుట్టూ అల్లిక ఉన్నది), 1 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేని) కెపాసిటర్లు రెండు, ఇంకా ఐదు కాళ్ల 3.5 స్టీరియో సాకెట్ ఒకటి. ఈ ఐదు కాళ్ల సాకెట్ కోసమే కాస్త తిరగాల్సి రావచ్చు, కానీ మూడు కాళ్లది ఇస్తే తీసుకోకండి, ఎందుకో కింద చెప్తాను. టీవీలు రిపేర్ చేసే షాపులో అడిగితే ఇవన్నీ ఒకేచోట దొరకొచ్చు.

ఇంజన్ ఆపి, పది నంబరు పానాతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. కంపెనీ నుంచి వచ్చిన సెట్లలో కొన్ని కరెంటు పోతే కోడ్ అడుగుతాయి, ఆ కోడ్ కారు పుస్తకంలోనో కార్డు మీదో ఉందేమో ముందే చూసుకోండి. సెట్టు బయటికి లాగాక వెనకాల వైరింగ్‌ని ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. ప్లగ్ ఉంటే అదృష్టం. మన దగ్గర చాలా కార్లలో ప్లగ్ కోసేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేసి ఉంటాయి, అప్పుడు ఒక్కో వైరుకీ కాగితం ముక్క అంటించి పేరు రాసుకోండి. మామూలుగా పసుపు ఎప్పుడూ 12 వోల్టులు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, కానీ రంగుని నమ్మి కూర్చోకుండా తర్వాత మీటర్‌తో చూసుకోవడం మేలు.

పై మూత స్క్రూలు తీసి వాల్యూమ్ నాబ్ వెనక్కి చూడండి. నాబ్ రెండు చివర్లా ఆగేదైతే అది పాతకాలం వాల్యూమ్ కంట్రోల్, ఈ పద్ధతి దానికి సరిపోతుంది. ఆగకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటే, లేదా ప్లస్ మైనస్ బటన్లుంటే వాల్యూమ్‌ని ఐసీ చూసుకుంటోందని అర్థం. అలాంటి సెట్టులో టేపు ప్రీఆంప్ అవుట్‌పుట్ వెతికి అక్కడ కలపాలి, బోర్డు చదవడం వచ్చినవాళ్లకి ఇచ్చేయండి.

కాళ్లు గుర్తుపట్టడం

ఇక్కడ తొందరపడొద్దు. ఎడమ ఒక చానల్, కుడి ఒక చానల్. వాల్యూమ్ కంట్రోల్‌కి ఒక్కో చానల్‌కి మూడు కాళ్లు, రెండు చానళ్లకి ఆరు. ఇంకా ఎక్కువ కనిపిస్తే అవి ఆన్-ఆఫ్ స్విచ్‌వో, లౌడ్‌నెస్‌వో అయ్యుంటాయి. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఒక వరసలో మూడు కాళ్లూ పరీక్షించండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినప్పుడు ఏ రెండు కాళ్ల మధ్య దాదాపు సున్నా వస్తుందో చూడండి, అందులో ఒకటి ఎర్త్ వైపుది, రెండోది నడిమి కాలు. ఇప్పుడు పూర్తిగా పెంచితే ఆ నడిమి కాలు మూడోదానితో దాదాపు సున్నా చూపిస్తుంది. ఆ మూడోదే ఇన్‌పుట్, మనకి కావలసింది అదే. రెండో వరసకీ అలాగే చేసి, రెండు ఇన్‌పుట్ కాళ్ల దగ్గరా మార్కర్‌తో చుక్క పెట్టండి.

ఆ కాలికి రేడియో సిగ్నల్ ఇప్పటికే వస్తోంది. దానిమీదే ఫోన్ వైరు అంటిస్తే రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుని పాట సన్నబడుతుంది, వెనకాల రేడియో వినపడుతుంది. ఐదు కాళ్ల సాకెట్ ఇందుకే. పిన్ దూరగానే అందులోని రెండు రేకులు పక్కకి జరిగి రేడియో దారి తెగిపోతుంది, పిన్ తీస్తే మళ్లీ అతుక్కుంటుంది, వేరే స్విచ్ అక్కర్లేదు. బోర్డు మీద ఇన్‌పుట్ కాలికి వచ్చే రాగి గీతని బ్లేడుతో జాగ్రత్తగా తెగ్గోసి, రేడియో వైపు కొసని షీల్డ్ వైరుతో సాకెట్‌లో తెగే రేకుకి, సాకెట్‌లో పిన్‌ని తాకే రేకు నుంచి ఇంకో వైరు వాల్యూమ్ ఇన్‌పుట్ కాలికి ఇవ్వండి. అంటే చానల్‌కి రెండు తీగలు, మొత్తం నాలుగు. పిన్ కొన ఎడమ, మధ్య రింగు కుడి, మొదలు ఎర్త్.

కెపాసిటర్ సాకెట్ నుంచి వాల్యూమ్‌కి వెళ్లే తీగ మధ్యలో పెట్టండి, చానల్‌కి ఒకటి. కొన్ని సెట్లలో వాల్యూమ్ కాళ్ల మీద కొంత డీసీ (నిలిచి ఉండే వోల్టేజీ) ఉంటుంది, అది ఫోన్లోకి రాకుండా ఇది అడ్డుకుంటుంది. రేడియో సిగ్నల్ దానిలోంచి వెళ్లినా నష్టం లేదు. షీల్డ్ అల్లికని వాల్యూమ్ దగ్గరి ఎర్త్‌కి ఒక్కచోటే కలపండి, సాకెట్ ఎర్త్ దానిమీదుగానే రావాలి, కారు బాడీకి వేరే వైరు వేయొద్దు. ప్రతి అతుకు మీదా స్లీవ్ తొడగండి. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపు గాలి తగిలే చోట బండి ఉంటే ఇది మరీ ముఖ్యం, తెరిచి ఉన్న రాగి త్వరగా పచ్చబడుతుంది.

సాకెట్‌కి డాష్‌బోర్డులో ఖాళీ స్విచ్ మూత మంచి చోటు, సుమారు 6 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. వైరు గేరు రాడ్డుకీ పెడల్స్‌కీ తగలకుండా పైనుంచి కట్టేయండి.

మూత బిగించకముందే, సెట్టుని పొడి గుడ్డ మీద పెట్టి, బ్యాటరీ కలిపి, ముందు రేడియో పలుకుతోందో చూడండి. తర్వాత పాత ఫోన్ ఒకటి పెట్టండి, దాని వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి, కారు వాల్యూమ్ సున్నా నుంచి పెంచుతూ రండి. ఒక వైపే వస్తే ఒక చానల్ అతుకు సరిగా పట్టలేదని అర్థం. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ కన్వర్టర్ గానీ చిన్న బ్లూటూత్ రిసీవర్ గానీ ఇందులోనే పెట్టుకోవచ్చు.

ఇంజన్ వేశాక, యాక్సిలరేటర్‌తోపాటు పెరిగే కూత వినిపిస్తే చార్జర్ పీకి చూడండి. కూత ఆగిందంటే చార్జర్ ఎర్త్‌కీ సెట్టు ఎర్త్‌కీ మధ్య లూప్ ఏర్పడినట్టు, ఆక్స్ కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెడితే పోతుంది. చార్జర్ తీసినా ఆగకపోతే షీల్డ్ అల్లిక వాల్యూమ్ దగ్గర సరిగ్గా అతుక్కుందో లేదో మళ్లీ చూసి, ఆ తర్వాతే మూత బిగించండి.