మ్యూరెన్ వెళ్ళేవాళ్ళూ, ముందు రెవిజన్ సంగతి చూసుకోండి

జ్యూరిక్‌కి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు మొన్న నవంబర్‌లో భార్యనీ, రెండేళ్ళ పాపనీ తీసుకుని ఆల్ప్స్ కొండల మీదున్న మ్యూరెన్ అనే ఊరికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోన్. "అన్నా, ఊళ్ళో మనుషులే లేరు, ఒక్క హోటలూ తెరిచి లేదు!" నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నా మొదటి ఏడాది నేనూ అదే నెలలో వెళ్ళి, మూసిన హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని చల్లారిన పులిహోర తినొచ్చాను. అదీ లేకపోతే ఆ పూట పస్తే.

టికెట్లు, సగం ధరకి టికెట్లిచ్చే హాఫ్ ఫేర్ కార్డు గురించి ఆఫీసులో ఎవరో ఒకరు చెప్తారు. ఎవరూ చెప్పనిది రెవిజన్. మనకి రివిజన్ అంటే పరీక్షల ముందు చదువు. వీళ్ళకి కేబుల్ కార్లు ఆపి తనిఖీలు, మరమ్మతులు చేసుకోవడం. స్కీయింగ్ అయ్యాక వసంతంలో ఒకసారి, చలికాలం సీజన్‌కి ముందు ఇంకోసారి. 1,638 మీటర్ల ఎత్తున్న ఆ ఊరికి మన కారు వెళ్ళదు. లౌటర్‌బ్రునెన్ నుంచి కేబుల్ కార్, ఆపైన చిన్న రైలు. లేదా స్టెషెల్‌బెర్గ్ నుంచి కేబుల్ కార్. ఊరివాళ్ళూ తిరగాలి కాబట్టి ఏదో ఒక దారి ఉంచుతారు. కానీ ఊరి పైనున్న షిల్ట్‌హార్న్ శిఖరానికి వెళ్ళే కేబుల్ కార్ ఆపేస్తే మీ ప్లాన్ గోవిందా. చాలా హోటళ్ళవాళ్ళూ అప్పుడే సెలవు పెట్టేస్తారు. సీజనంతా ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళని ఏమంటాం? బయలుదేరే ముందు రోజు కేబుల్ కార్ కంపెనీ సైట్ చూడండి బాబూ, రెండు నిమిషాల పని!

మిగతా నెలలు తేలికే. జనవరిలో సందులన్నీ గడ్డకట్టి జారతాయి, స్పోర్ట్స్ షూస్ వద్దు. ఏప్రిల్‌లో పూలు ఊహించుకోకండి, బురద. జూన్‌లో ఆవుల మెడగంటలు వినిపిస్తాయి, పై దారుల్లో మాత్రం ఇంకా మంచుంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి ఉరుములు పట్టుకోవచ్చు, పొద్దున్నే నడిచేయండి. నడక దారుల్లో పసుపు బోర్డుల మీద రాసిన నడక టైములో ఆగడం లెక్కలో ఉండదు, పిల్లలుంటే రెట్టింపు వేసుకోండి. నా ఓటు సెప్టెంబర్‌కే.

సరే, ఒకటి ఒప్పుకోవాలి. నవంబర్‌లో జ్యూరిక్ రోజుల తరబడి పొగమంచు కింద మూలుగుతుంటే, పైన చాలాసార్లు ఎండ కాస్తుంది. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు. ఆ తమ్ముడి పాప ఆ ఖాళీ వీధిలో తన నీడని తరుముతూ సాయంత్రం దాకా ఆడిందట, దిగనంటే దిగనందట. కాబట్టి నవంబరైనా మరీ కంగారేం లేదు. పైన ఎండ ఉందో లేదో వెబ్‌క్యామ్‌లో చూసి, పులిహోర కట్టుకుని వెళ్ళండి.