ఫ్యూయల్ మ్యాప్ ట్యూనింగ్: మీటరు నిజం చెబుతోందని తేలాకే అంకెలు మార్చండి

ఆఫ్టర్‌మార్కెట్ ఈసీయూ (కంపెనీది కాకుండా బయట కొని పెట్టే ఇంజిన్ కంప్యూటర్) బిగించిన పెట్రోల్ కారుకు వీఈ టేబుల్, అంటే ఫ్యూయల్ మ్యాప్, సరిచేసే పద్ధతి ఇది. టేబుల్లో అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) ప్రెజర్ కిలోపాస్కల్‌లలో ఉంటాయి. ఆ వేగంలో, ఆ లోడులో సిలిండర్ ఎంత గాలి పీలుస్తుందో ఒక్కో గడిలోని అంకె చెబుతుంది. దాన్ని బట్టి ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో ఈసీయూ లెక్కేసుకుంటుంది. అంకె మార్చడం చిటికెలో పని. అయితే ఏ అంకె తప్పో చెప్పాల్సింది వైడ్‌బ్యాండ్ సెన్సర్, అంటే ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను బట్టి గాలి, పెట్రోలు పాళ్లు మీటరులో చూపించేది. అది అబద్ధం చెబితే మీరు చేసిన ప్రతి మార్పూ అబద్ధమే.

బాష్ ఎల్ఎస్‌యూ 4.9 లాంటి సెన్సర్ తీసుకోండి. ఎగ్జాస్ట్ పైపులన్నీ కలిసిన చోటు దాటాక, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు, పైపు పైభాగంలో 18 మి.మీ. మర బుష్ వెల్డింగ్ చేయించి బిగించండి. గడియారంలో 10కీ 2కీ మధ్య ఉండేలా, సెన్సర్ మూతి కిందికి చూసేలా పెట్టాలి. పైపు అడుగున పెడితే నీటి చెమ్మ చేరి లోపలి పింగాణీ పగులుతుంది.

తర్వాత లీకులు. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ జాయింటు ఏది లీకైనా బయటి గాలి లోపలికి పోయి, మిక్చర్ బాగున్నా మీటరు లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) చూపిస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ మూతి కొన్ని సెకన్లు అడ్డుపెట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయండి. బుడగలు వచ్చిన చోటే లీకు. మిస్సింగ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఒక సిలిండర్ కాలకపోతే అందులోని ఆక్సిజన్ మొత్తం పైపులోకి వస్తుంది, మీటరు లీన్ అంటుంది. అది నమ్మి పెట్రోలు పెంచితే ప్లగ్గు ఇంకా తడుస్తుంది, సిలిండర్ గోడల మీది ఆయిల్ కడిగేసుకుపోతుంది. అందుకే ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడండి.

ఇంజెక్టర్ డెడ్‌టైమ్ (కరెంటు అందాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం) అంకె సరిగ్గా ఇవ్వండి. చాలా ఇంజెక్టర్లకు 14 వోల్టుల దగ్గర అది సుమారు 1 మిల్లీసెకను. ఇది తప్పితే స్లోలో ఒకలా, లోడులో ఒకలా తప్పు వస్తుంది. ఏసీ వేయగానే వోల్టేజి పడి ఐడిల్ మిక్చర్ మారిపోతే తప్పు మ్యాప్‌లో కాదు, ఇక్కడ వెతకాలి.

టార్గెట్లు లాంబ్డాలో రాసుకోవడం మేలు. లాంబ్డా 1 అంటే పెట్రోలు పూర్తిగా కాలడానికి సరిగ్గా సరిపడా గాలి, అంతకన్నా తక్కువైతే రిచ్ (పెట్రోలు ఎక్కువ), ఎక్కువైతే లీన్. పూర్తిగా కాలడానికి కిలో స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) 13.6 దగ్గర. మీటరు పెట్రోల్ స్కేల్లో ఉంటే ఈ20 పోసినా 14.7 అంటే లాంబ్డా 1 అనే అర్థం, కంగారుపడి మార్చొద్దు. టర్బో లేని ఇంజిన్‌కు ఐడిల్లో 0.95 నుంచి 1, రోడ్డు మీద నిలకడ వేగంలో 1, ఫుల్ థ్రాటిల్లో 0.86 నుంచి 0.88 పెట్టండి. టర్బో ఉంటే బూస్టులో (టర్బో గాలిని నెట్టేటప్పుడు) 0.80 దాటనీయకండి.

ఇప్పుడు టేబుల్. కూలెంట్ 80 డిగ్రీలు దాటాక క్లోజ్డ్ లూప్ కరెక్షన్ ఆపేయండి, లేకపోతే ఈసీయూ తనంతట తానే దిద్దుకుంటూ అసలు తప్పును దాచేస్తుంది. ఒక గడిలో మూడు నాలుగు సెకన్లు కదలకుండా ఉంచి లాగ్ తీయండి. యాక్సిలేటర్ తొక్కిన క్షణం, వదిలిన క్షణం వచ్చిన రీడింగులు లెక్కలోకి తీసుకోవద్దు. వదిలినప్పుడు ఇంజెక్టర్లు ఆగిపోతాయి కాబట్టి మీటరు లీన్ చివరికి పోవడం సహజం.

కొత్త అంకె = పాత అంకె × వచ్చిన రీడింగు ÷ టార్గెట్. గడిలో 62 ఉంది, మీటరు పెట్రోల్ స్కేల్లో (14.7 అంటే లాంబ్డా 1) కావాల్సింది 13.0, వచ్చింది 13.8 అనుకోండి. 62 × 13.8 ÷ 13.0 అంటే 65.8. ఆ గడి ఒక్కటే లేపి వదిలేయకండి, చుట్టూ ఉన్న గడులనూ దానికి తగ్గట్టు సర్దండి. పక్కపక్క గడుల మధ్య గుంటలు, గుట్టలు ఉంటే బండి జర్కులు కొడుతుంది.

తక్కువ లోడు గడులు హైవే మీద చేసుకోవచ్చు. నార్కట్‌పల్లి నుంచి నకిరేకల్ వైపో, జడ్చర్ల దగ్గర 44వ నంబరు రహదారి మీదో, ఒకరు నడపాలి, ల్యాప్‌టాప్ ఇంకొకరు పట్టుకోవాలి. ఫుల్ థ్రాటిల్ గడులు మాత్రం డైనో (బండిని రోలర్ల మీద నిలబెట్టి పరుగెత్తించే యంత్రం) మీదే. టర్బో లేని ఇంజిన్‌కు 0.82 దగ్గర రిచ్‌గా మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెట్రోలు తగ్గిస్తూ 0.87 దాకా రండి. నాకింగ్ (మిక్చర్ దానంతటదే అంటుకుని వచ్చే టకటక చప్పుడు) వినిపిస్తే వెంటనే కాలు తీసేయాలి. ఆ పూట ఇగ్నిషన్ టైమింగ్ ముట్టుకోవద్దు. ఇంజెక్టర్ డ్యూటీ (ఒక సైకిల్లో ఇంజెక్టర్ తెరిచి ఉండే వంతు) మీద కూడా కన్నేయండి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లే, అందులో 17 దాటి తెరిచి ఉంటే డ్యూటీ 85 శాతం దాటినట్టే. ఆ పైన టేబుల్ ఎంత పెంచినా పెట్రోలు చాలదు, పెద్ద ఇంజెక్టర్ కావాలి.

మే నెల నల్లగొండ ఎండ వేరే సమస్య తెస్తుంది. గడియారం సెంటర్‌లో పది నిమిషాలు ఇరుక్కుంటే బానెట్ కింది వేడికి గాలి ఉష్ణోగ్రత సెన్సర్ 65, 70 చూపిస్తుంది. గాలి పలచబడిందనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది, ఐడిల్ లీనై ఊగుతుంది. దీనికి వీఈ టేబుల్ పెంచితే డిసెంబరు పొద్దున బండి నల్లపొగ వదులుతుంది. సెన్సర్‌ను మానిఫోల్డ్ మీది నుంచి తీసి ఎయిర్ ఫిల్టర్ తర్వాతి గొట్టంలో పెట్టండి, ఇంకా తేడా ఉంటే ఎయిర్ టెంపరేచర్ కరెక్షన్ టేబుల్లో సవరించండి.

ఇంకొకటి. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. టర్బో లేని ఇంజిన్ ఇక్కడ ఫుల్ థ్రాటిల్లో కూడా 95 కిలోపాస్కల్ దగ్గరే ఆగుతుంది, కాబట్టి 100 వరుసను మీరు ఎప్పుడూ తాకరు. అదే బండి విజయవాడకు దిగితే ఆ వరుసే వాడుతుంది. 95 వరుస అంకెలకు ఒకటో రెండో కలిపి 100 వరుస నింపి, ఫైలు సేవ్ చేసుకున్నాకే బయల్దేరండి.