చెట్ల సంరక్షణను వృత్తిగా ఎంచుకుంటే చదువును, చేతిపనిని ఎలా జతచేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడ్డాక ఎన్నో రోజులు వీధుల్లో రంపాల చప్పుడే. కూలిన చెట్టును ముక్కలు చేసేవాళ్లు ఎలాగోలా దొరికారు. సగం ఒరిగిన చెట్టు బతుకుతుందా, తీసేయాలా అని చూసి చెప్పేవాళ్లే కరువయ్యారు. ఆ మాట చెప్పడానికి చదువొక్కటే చాలదు, రంపం పట్టడమొక్కటే చాలదు.

1. ఆర్బరికల్చర్ (చెట్ల సంరక్షణ శాస్త్రం) పేరుతోనే డిగ్రీ కావాలని వెతుకుతూ ఏడాది పోగొట్టుకోకండి. ఇంటర్ బైపీసీ అయ్యాక బీఎస్సీ హార్టికల్చర్, అగ్రికల్చర్, బోటనీల్లో ఏదైనా పునాదికి సరిపోతుంది. వేరు, బెరడు, బూజు తెగుళ్లు, నేల గురించి శ్రద్ధగా చదవండి.

2. డిగ్రీ అయ్యేదాకా ఆగకుండా, మొదటి ఏడాది నుంచే సెలవు రోజుల్లో చెట్ల పనివాళ్ల వెంట వెళ్లండి. మొదట కింద నిలబడి తాడు పట్టడం, కొమ్మలు లాగడం, ముడులు నేర్చుకోవడం. చెట్టెక్కడం తర్వాత. కరెంటు తీగకు దగ్గర్లో ఉన్న కొమ్మ జోలికి మాత్రం విద్యుత్ సిబ్బంది లేకుండా ఎవరు చెప్పినా పోవద్దు.

3. ఒక్క పనిని పుస్తకంలోనూ చెట్టు మీదా పూర్తిగా పట్టండి: బరువైన కొమ్మ తీయడం. మానుకు అడుగు దూరంలో కింది నుంచి కొంచెం కోయాలి. ఇంకాస్త అవతల పైనుంచి కోస్తే, బెరడు చీలకుండా కొమ్మ పడుతుంది. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో కాలర్‌లా ఉబ్బిన భాగానికి కాస్త బయట కోయాలి. ఆ ఉబ్బును కోసేస్తే గాయం మూసుకోవడం కష్టం. చెట్టు గాయం మన చర్మంలా మానదు. చెడిన చెక్క చుట్టూ అడ్డుగోడ కట్టుకుని, పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షిగో చెట్లను నిలువునా కోసి చూసి చెప్పిన సంగతి ఇది. కోత మీద తారు పూయడం మన దగ్గర ఇంకా పోలేదు, అది అనవసరం.

4. నోటుబుక్ పెట్టుకోండి. ఏ చెట్టు, ఏ కొమ్మ, ఎందుకు తీశారు, తేదీ, ఫొటో. ఆరు నెలల తర్వాత అక్కడే నిలబడి మళ్లీ ఫొటో తీయండి. ఇంటర్వ్యూలో మార్కుల లిస్టు కన్నా ఇదే ఎక్కువ మాట్లాడుతుందని నా నమ్మకం.

5. తర్వాత సర్టిఫికెట్. ఐఎస్‌ఏ (ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్) అనే అంతర్జాతీయ సంస్థ పెట్టే సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షకుడు) పరీక్షకు డిగ్రీ లేకున్నా మూడేళ్ల పూర్తికాలపు అనుభవంతో కూర్చోవచ్చు. సంబంధిత నాలుగేళ్ల డిగ్రీ ఉంటే ఏడాది అనుభవం చాలు. అంటే డిగ్రీ కలిసొచ్చేది రెండేళ్లే, ఆ చివరి ఏడాది చెట్టు దగ్గర గడపక తప్పదు.

6. చెట్టు నరకాలని ఎవరైనా పిలిస్తే ముందు అనుమతి అడగండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇక్కడా వర్తిస్తుంది.

ఇక విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక ఇంటాయన "తుఫాను సీజన్ వస్తోంది, పైనంతా కొట్టేయ్ బాబూ" అంటాడు. తల నరికిన చోట బలంలేని చిగుళ్లు గుంపుగా వచ్చి, పెరిగాక గాలికి ముందు అవే విరుగుతాయని పుస్తకం చెప్పింది. ఏ రెండు కొమ్మలు తీస్తే సరిపోతుందో ఆయనకు వేలుపెట్టి చూపించాల్సింది మాత్రం మీరే.