గ్రూపులో గ్రూపు, దాంట్లో ఇంకో గ్రూపు: డేటాబేస్ క్వెరీలు ఫాస్ట్‌గా రావాలంటే ఏం చేయాలి?

వెబ్ యాప్‌లో గ్రూపులు పెట్టడం మొదట్లో చాలా ఈజీగా ఉంటుంది. గ్రూప్స్ అని ఒక టేబుల్, అందులో ఈ గ్రూపు ఏ గ్రూపు కింద ఉందో చెప్పే పేరెంట్ ఐడీ అని ఒక కాలమ్, ఏ యూజర్ ఏ గ్రూపులో ఉన్నాడో చెప్పడానికి మెంబర్‌షిప్స్ అని ఇంకో టేబుల్, అంతే, పనైపోయింది. గ్రూపులు పది ఉన్నంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు, అవి వేలల్లోకి వెళ్లి గ్రూపులో గ్రూపు ఐదారు లెవెల్స్ దిగాక ఒకరోజు పేజీ తెరిస్తే గిర్రున తిరుగుతూనే ఉంటుంది. నాకూ అయింది ఇలాగే, సర్వర్ చాలట్లేదేమో, ర్యామ్ పెంచుదామా అని రెండు రోజులు కొట్టుకున్నాం, తీరా లాగ్ తెరిచి చూస్తే ఒక్క పేజీకి వందల క్వెరీలు, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు, వెళ్తున్నాయి. తప్పు సర్వర్‌ది కాదు, మేం అడిగే పద్ధతిది.

ఒక చిన్న ఉదాహరణ పెట్టుకుందాం, మొత్తం దీని మీదే చెప్తా. కంపెనీ అనే గ్రూపు ఐడీ 1, దాని కింద టెక్ ఐడీ 4, దాని కింద బ్యాకెండ్ 17, దాని కింద పేమెంట్స్ 52. పేమెంట్స్‌లో ఉన్నవాడు పై మూడింట్లోనూ ఉన్నట్టే లెక్క. టెక్‌కి ఒక డాక్యుమెంట్ షేర్ చేస్తే పేమెంట్స్ వాడికి కూడా కనిపించాలి.

మొదటి స్టెప్: ముందు లెక్కపెట్టండి

కోడ్ ముట్టుకోకముందు ఒక్క పేజీకి ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో చూడండి. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అయితే డీబగ్ టూల్‌బార్ ఉంది, మిగతా ఫ్రేమ్‌వర్కుల్లో కూడా క్వెరీ లాగ్ ఆన్ చేసుకోవచ్చు. ఒకే క్వెరీ ఐడీ మాత్రం మారుతూ వరసగా కనిపిస్తే అది ఎన్ ప్లస్ వన్ సమస్య, అంటే జాబితాకి ఒక క్వెరీ, అందులోని ప్రతిదానికీ మళ్లీ ఒకటి. లూప్‌లో గ్రూప్ డాట్ పేరెంట్ అని రాసిన ప్రతిసారీ ఓఆర్ఎమ్ (టేబుల్ వరసల్ని కోడ్‌లో ఆబ్జెక్టులుగా ఇచ్చే లైబ్రరీ) చెప్పాపెట్టకుండా డేటాబేస్ దగ్గరికి వెళ్లొస్తుంది. జాంగోలో సెలెక్ట్ రిలేటెడ్ (సంబంధించిన వరసల్ని కూడా అదే క్వెరీలో తెచ్చేది) పెడితే పోతుంది కదా అంటారు, పోతుంది, కానీ మీరు రాసినన్ని లెవెల్సే వస్తాయి, పేరెంట్ పేరెంట్ అని మూడుసార్లు రాస్తే మూడే, రేపు ఎవరో నాలుగో లెవెల్ పెడితే మళ్లీ మొదటికే.

ఇంకో మాట, మీ లాప్‌టాప్‌లో పది గ్రూపులతో టెస్ట్ చేసి బాగానే ఉందనుకోవద్దు. టేబుల్ చిన్నగా ఉంటే డేటాబేస్ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) ఉన్నా పట్టించుకోకుండా టేబుల్ మొత్తం చదివేస్తుంది, దానికి అదే చవక. ఒక 5,000 గ్రూపులు, 8 లెవెల్స్ లోతు, లక్ష మెంబర్‌షిప్‌లు ఉండేలా డమ్మీ డేటా తయారు చేసుకుని అప్పుడు చూడండి.

రెండో స్టెప్: ఇండెక్సులు

పోస్ట్‌గ్రెస్‌లో (ఇదొక డేటాబేస్) చాలామంది పడే గొయ్యి ఇది: ఫారిన్ కీ (ఈ కాలమ్ ఇంకో వరసని చూపిస్తుంది అనే షరతు) పెట్టినంత మాత్రాన ఆ కాలమ్‌కి ఇండెక్స్ రాదు. ఇంకో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో, దాని ఇన్నోడీబీ ఇంజిన్‌తో, అదే వచ్చేస్తుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కూడా ఉంటుందిలే అనుకుంటారు. కొన్ని ఓఆర్ఎమ్‌లు వాటంతట అవే పెడతాయి, కొన్ని పెట్టవు, కాబట్టి ఊహించుకోకుండా టేబుల్ తెరిచి పేరెంట్ ఐడీ మీద ఇండెక్స్ ఉందో లేదో కళ్లతో చూడండి.

మెంబర్‌షిప్స్ టేబుల్లో యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ రెండూ కలిపి యూనిక్ ఇండెక్స్ ఎలాగూ ఉంటుంది. ఈ యూజర్ ఏ గ్రూపుల్లో ఉన్నాడు అంటే అది పనికొస్తుంది, కానీ ఈ గ్రూపులో ఎవరెవరున్నారు అంటే పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఇండెక్స్‌లో ముందున్నది యూజర్. టెలిఫోన్ డైరెక్టరీలో ఇంటిపేరు తెలియకుండా ఒట్టి పేరుతో వెతికినట్టు ఉంటుంది. గ్రూప్ ముందుండేలా రెండో ఇండెక్స్ కూడా పెట్టండి. లైవ్‌లో నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ అయితే కన్‌కరెంట్లీ అనే మాట కలిపి క్రియేట్ చేయండి, లేకపోతే అది కట్టేంతసేపు ఆ టేబుల్లో రాతలన్నీ ఆగిపోతాయి, పైగా ఆ కమాండ్ ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్ట) లోపల నడవదు, టేబుల్ మార్పులు రాసే మైగ్రేషన్ ఫైల్లో ట్రాన్సాక్షన్ సెట్టింగ్ మార్చుకోవాలి.

తర్వాత క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టి, డేటాబేస్ దాన్ని ఎలా నడిపిందో, ఎంతసేపు పట్టిందో చూడండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, అది క్వెరీని నిజంగానే నడుపుతుంది, డిలీట్ ముందు పెడితే డిలీట్ అయిపోతుంది, కాబట్టి ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ కొట్టి వెనక్కి తిప్పేయండి. రెండు, పోస్ట్‌గ్రెస్‌లో లూప్స్ (ఆ అడుగు ఎన్నిసార్లు నడిచిందో) అని ఒక అంకె ఉంటుంది, పక్కన చూపించే టైమ్ ఒక్క లూప్‌ సగటు మాత్రమే, లూప్స్ 5,000 ఉంటే ఆ చిన్న టైమ్‌ని 5,000తో గుణించాలి. నేను చాన్నాళ్లు ఆ అంకెని చూడకుండానే ఇది ఫాస్ట్‌గానే ఉందే అనుకుంటూ గడిపేశా.

మూడో స్టెప్: చెట్టు ఎక్కే పని డేటాబేస్‌కే ఇవ్వండి

విత్ రికర్సివ్ (తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచే క్వెరీ) అని రాస్తే ఒక్క క్వెరీలోనే మొత్తం గ్రూపుల చెట్టు తిరిగి రావచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2009లో 8.4 వెర్షన్ నుంచే ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం 8.0 దాకా లేదు. వందల క్వెరీలు ఒకటి అవుతాయి.

కానీ ఎటు నుంచి మొదలుపెడుతున్నారన్నది చాలా ముఖ్యం, నన్నడిగితే మొత్తంలో అసలు కిటుకు ఇదే. ఈ డాక్యుమెంట్ టెక్‌కి షేర్ అయింది, ఈ యూజర్ చూడొచ్చా అన్నది ప్రశ్న. టెక్ నుంచి కిందికి దిగి, దాని కింద ఉన్న గ్రూపులన్నీ పోగేసి, వాటిలో మెంబర్లందర్నీ తెచ్చి అందులో మనవాడున్నాడా అని వెతకొచ్చు. లేదా మనవాడి దగ్గర మొదలుపెట్టి పేమెంట్స్, బ్యాకెండ్, టెక్ అని మూడడుగులు పైకెక్కి, దొరికింది అనొచ్చు. కిందికి దిగితే కొమ్మలు పెరుగుతూ పోతాయి, పైకి ఎక్కితే ఒక్కటే దారి. చాలామంది మొదటిదే రాస్తారు, ఎందుకో ప్రశ్న వినగానే అలా తోస్తుంది.

ఇంకోటి, యూజర్ ఐడీ షరతు రికర్షన్ మొదలయ్యే భాగంలోనే పెట్టాలి. చెట్టంతా లెక్కగట్టే వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) ఒకటి చేసి బయట వేర్ షరతు పెడితే, డేటాబేస్ ముందు అందరి చెట్టూ కట్టి తర్వాత మీకు కావాల్సింది ఏరుతుంది.

గ్రూపులు కొన్ని వందలు, లోతు నాలుగైదు లెవెల్స్ అయితే ఇక్కడితో ఆపేయండి. నిజంగా. కింద చెప్పేది అవసరం పడేవాళ్లు తక్కువమంది, అవసరం లేకుండా చేస్తే మెయింటెనెన్స్ తలనొప్పి మిగులుతుంది.

నాలుగో స్టెప్: క్లోజర్ టేబుల్

పర్మిషన్ చెక్ సెకనుకి వందలసార్లు జరుగుతుంది, గ్రూపు ఎక్కడుందో మార్చడం మాత్రం వారానికి ఏ ఒకటి రెండుసార్లో. అలాంటప్పుడు ప్రతిసారీ చెట్టెక్కడం ఎందుకు, మార్చినప్పుడే లెక్కగట్టి రాసి పెట్టుకుంటే పోలా. పూర్వీకుడు, వారసుడు, దూరం అని మూడు కాలమ్‌లతో ఒక టేబుల్ పెట్టండి, క్లోజర్ టేబుల్ అంటే ఇదే. పేమెంట్స్‌కి అందులో 4 వరసలు పడతాయి: 52 నుంచి 52 దూరం 0, 17 నుంచి 52 దూరం 1, 4 నుంచి దూరం 2, 1 నుంచి దూరం 3. తనకి తాను అనే ఆ సున్నా వరస మర్చిపోవద్దు, అది లేకపోతే డైరెక్ట్‌గా పేమెంట్స్‌కే షేర్ చేసిన డాక్యుమెంట్ కనిపించదు, బగ్ ఎక్కడుందో వెతకడానికి సగం రోజు పోతుంది.

ఇక చెక్ అంటే రికర్షన్ ఏమీ లేదు, మెంబర్‌షిప్స్‌కి ఈ టేబుల్‌ని ఒక జాయిన్ (రెండు టేబుళ్లని కలపడం), అంతే. అది కూడా ఎగ్జిస్ట్స్‌తో రాయండి, ఒక్కటి దొరకగానే ఆగిపోతుంది. మామూలు జాయిన్ రాస్తే ఒకే యూజర్ టెక్‌లోనూ పేమెంట్స్‌లోనూ ఉంటే రెండు వరసలొస్తాయి, దాన్ని కప్పడానికి డిస్టింక్ట్ (డూప్లికేట్లు తీసేసేది) పెడతాం, అది మళ్లీ స్లో. మెంబర్ల కౌంట్ చూపించేటప్పుడు మాత్రం యూజర్ ఐడీ మీద డిస్టింక్ట్ తప్పదు, లేకపోతే అంకె ఎక్కువొస్తుంది.

యూజర్లని కూడా ఇలాగే ప్రతి పై గ్రూపులోకీ కాపీ చేసి పెడదాం అనే ఆలోచన వస్తుంది, వద్దు. గ్రూపులకి మాత్రమే చేయండి, యూజర్లతో కలిపితే టేబుల్ ఊరికే ఉబ్బిపోతుంది, ఒక గ్రూపుని కదిపితే లక్షల వరసలు కదులుతాయి.

గ్రూపుని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మార్చడమే ఇందులో కష్టమైన భాగం. కదిలే కొమ్మలో ఉన్నవాళ్లకి, ఆ కొమ్మ బయట ఉన్న పాత పూర్వీకులకి మధ్య వరసలు తీసేయాలి, కొమ్మ లోపలి వరసలు ముట్టుకోకూడదు. తర్వాత కొత్త పేరెంట్‌నీ దాని పూర్వీకులందర్నీ కొమ్మలోని ప్రతి గ్రూపుతో జత కలపాలి. కొమ్మలో 5 గ్రూపులు, కొత్త పేరెంట్‌తో కలిపి పైన 3 ఉంటే 15 కొత్త వరసలు. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో. దానికంటే ముందు, కొత్త పేరెంట్ ఈ కొమ్మలోనే ఉందేమో చూడాలి, ఉంటే ఒప్పుకోవద్దు, లేకపోతే టెక్ కింద పేమెంట్స్, పేమెంట్స్ కింద టెక్ అయి కూర్చుంటుంది. ఒక గ్రూపుకి ఇద్దరు పేరెంట్లు ఉండొచ్చు అనే యాప్ అయితే ఈ తీసేసే లెక్క పనిచేయదు, ఒక దారి తెగినా ఇంకో దారిలో బంధం మిగిలి ఉండొచ్చు, కాబట్టి ఆ కొమ్మ వరకు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవడమే మేలు.

క్లోజర్ బదులు ప్రతి గ్రూపు దగ్గర 1/4/17/52/ అని దారి మొత్తం రాసి పెట్టుకునే పద్ధతి కూడా ఉంది, బాగానే పనిచేస్తుంది. చివర ఆ స్లాష్ ఉండాలి, లేకపోతే 1/4 తో మొదలయ్యేవి వెతికితే 1/40 కూడా వచ్చి పడుతుంది.

క్యాష్ గురించి ఆఖర్న చెప్తున్నా, ఎందుకంటే ఆఖర్నే ఆలోచించాలి. పర్మిషన్లని రెడిస్‌లో (మెమరీలో డేటా దాచే సాఫ్ట్‌వేర్) పదినిమిషాలు దాచారంటే, గ్రూపులోంచి తీసేసిన మనిషికి ఇంకో పదినిమిషాల దాకా డాక్యుమెంట్లు కనిపిస్తూనే ఉంటాయి. అది మీ వాళ్లకి ఓకేనా అని ముందు అడగండి.

కొత్త టేబుల్ నింపాక పాత రికర్సివ్ క్వెరీని వెంటనే తీసేయొద్దు. రోజూ రాత్రి ఆ క్వెరీతో చెట్టంతా ఒకసారి కట్టి, క్లోజర్ టేబుల్‌తో ఎక్సెప్ట్ (ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనివి చూపేది) పెట్టి అటూ ఇటూ రెండువైపులా పోల్చండి. నేను పెట్టిన మొదటి రాత్రే 9 వరసలు తేడా వచ్చాయి, ఎవరో అడ్మిన్ స్క్రిప్ట్‌తో పేరెంట్ ఐడీని నేరుగా మార్చేశారు.