వేగస్ నరం, గుండె లయ - 4వ పాఠం: పగ్గం ఎవరి చేతిలో?

పోయిన పాఠంలో ఊపిరి తీస్తూ, వదులుతూ నాడి వేగం గమనించమన్నాను. ఆ అభ్యాసం చేసి చాలామంది ఒకటే మాట రాశారు: ఊపిరి తీసినా వదిలినా నాడిలో తేడా లేదని. మీరు పంపిన లెక్కలు చూశాక కారణం తెలిసింది. నిమిషమంతా లెక్కపెట్టి మొత్తం వేశారు. ఊపిరి తీసేటప్పుడు పెరిగిన వేగం, వదిలేటప్పుడు తగ్గిన వేగం ఆ మొత్తంలో కలిసిపోతాయి. చూడాల్సింది దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం. అది నేను ముందే చెప్పాల్సింది.

కొందరు మెడ దగ్గర నాడి పట్టుకున్నారు. అది వద్దు. అక్కడి ధమనిని నొక్కితే వేగస్, అంటే మెదడు నుంచి గుండెకు వచ్చి దాన్ని నెమ్మదింపజేసే నరం, రేగి గుండె నెమ్మదిస్తుంది, కళ్లు తిరగొచ్చు కూడా. మణికట్టు చాలు.

సైనస్ నోడ్, అంటే గుండెలో దెబ్బను పుట్టించే కణాల గుంపు, ఎక్కడుందో మళ్లీ చెప్పను. కానీ "వేగస్ గుండెను కొట్టిస్తుంది" అన్న వాక్యం మీ జవాబుల్లో ఈసారీ కనబడింది. దీన్ని సరిచేయకుండా ముందుకు పోలేను. గుండె కొట్టుకోవడానికి ఏ నరమూ అక్కర్లేదు. సైనస్ నోడ్ సొంత వేగం నిమిషానికి సుమారు 100. విశ్రాంతిలో మీ నాడి 70 ఉందంటే వేగస్ పగ్గం బిగించి ఉందన్నమాట. గుండె మార్పిడిలో వేగస్ తెగిపోతుంది. అందుకే ఆ గుండె ఊరకే కూర్చున్నా 90 నుంచి 110 దాకా కొట్టుకుంటుంది. వేగస్ పనిని అడ్డుకునే అట్రోపిన్ మందు ఇచ్చినా అంతే, పగ్గం సడలి వేగం పెరుగుతుంది. మెట్లెక్కడం మొదలుపెట్టగానే పెరిగే వేగం కూడా ముందు వేగస్ వదలడం వల్లే. గుండె వేగాన్ని పెంచే సింపథెటిక్ నరాల పని తెలియడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వేగస్ పని ఒకటి రెండు దెబ్బల్లోనే తెలుస్తుంది.

ఎలాగంటే, వేగస్ నరం కొసన విడుదలైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం నోడ్ కణాల్లో పొటాషియం దారులు తెరుస్తుంది. పొటాషియం బయటికి పోయి కణం లోపలి వోల్టేజి ఇంకా కిందికి దిగుతుంది, తర్వాతి దెబ్బ ఆలస్యమవుతుంది. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని రెండో గుండెకు అందించాడు. నరం తాకని ఆ గుండె కూడా నెమ్మదించింది. ఈ అధ్యాయం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే.

అభ్యాసం: 5 సెకన్లకోసారి మోగేలా టైమర్ పెట్టుకోండి. ఒక మోతకు ఊపిరి తీయండి, మరో మోతకు వదలండి. మణికట్టు నాడి పట్టుకుని, ప్రతి దెబ్బకూ కాలితో నేలను తట్టండి. ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత వింటూ మోతకూ మోతకూ మధ్య ఎన్ని తట్లు పడ్డాయో విడివిడిగా రాయండి. తల తిరిగితే ఆపేయండి. మూడు రోజులు, రోజూ ఒకే వేళకు చేయండి. వయసు పైబడినవారికి తేడా తక్కువగా కనిపిస్తుంది. వాళ్లు ఐదు రోజులు చేయండి.