తూటా కేసును చాంబర్‌కు సరిపెట్టడం – మూడవ పాఠం: భుజం ఎంత తగ్గాలి?

గత పాఠంలో శుభ్రం చేసి, ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) తీసి పెట్టుకున్న, పేలిన కేసులలో ఐదింటిని ముందుగా పక్కకు తీయండి. రైఫిల్ పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి, తూటా కూర్చునే గది అయిన చాంబర్ గోడలకు అదుముకుని, ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుంటుంది కనుక, పేలిన కేసే మీ చాంబర్‌కు మనకు దొరికే అచ్చు. కాలిపర్‌కు కంపారేటర్ (భుజం మీద ఆనే కొలత బిళ్ల) బిగించి, కేసు అడుగు నుంచి భుజం, అంటే ఒళ్లు మెడగా సన్నబడే వాలు, వరకు ఐదింటినీ కొలిచి, వాటిలో పెద్ద కొలతను రాసుకోండి.

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఆ కొలతలో ఒకటి రెండు థౌలు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు, తగ్గితే చాలు. సెమీ ఆటోమేటిక్‌కు మూడు నాలుగు కావాలి. డైతో, అంటే ప్రెస్‌లో బిగించి కేసును నొక్కి సైజుకు తెచ్చే అచ్చుతో, వచ్చే కాగితం మాత్రం డై షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే భాగానికి) తగిలాక ఇంకొంచెం బిగించమంటుంది. ఆ మాట ఏ చాంబర్‌లోనైనా పట్టే కేసు కోసం చెప్పినదే తప్ప, మీ చాంబర్ కోసం చెప్పినది కాదు.

డైని షెల్ హోల్డర్‌కు తగలకుండా కాస్త పైనే ఉంచి, నూనె పలుచగా పట్టించిన కేసును నొక్కి, నూనె తుడిచి కొలవండి. కొలత తగ్గడానికి బదులు పెరిగిందా? కంగారు పడకండి. డై ముందుగా కేసు ఒంటిని నొక్కుతుంది, నొక్కుడుపడిన ఇత్తడి భుజాన్ని ముందుకు తోస్తుంది. మొదటిసారి ఇది చూసి నేను డైనే తప్పుపట్టాను. ఇక్కడి నుంచి కొద్దికొద్దిగా దించాలి. సాధారణ డై మరకు అంగుళానికి 14 చుట్లు కనుక ఒక పూర్తి చుట్టు సుమారు 71 థౌలు. రెండు థౌలకు పది డిగ్రీలు, గడియారంలో రెండు నిమిషాల గీతలకన్నా తక్కువ. డై మీద మార్కర్‌తో గీత గీసుకోకపోతే ఆ తేడా కంటికి ఆనదు.

భుజాన్ని మరీ వెనక్కి నెడితే, పేలినప్పుడు కేసు ముందుభాగం గోడను పట్టుకుంటుంది, అడుగు వెనక చాంబర్‌ను మూసే బోల్ట్ దాకా సాగుతుంది. ఇలా పదేపదే సాగితే అడుగుకు కాస్త పైన గోడ పలచబడి, బయట మెరిసే వలయం కనబడి, చివరకు కేసు అక్కడే తెగుతుంది. కొన వంచిన సన్నని తీగను లోపల గోడ వెంట లాగితే ఆ గాడి వేలికి తెలుస్తుంది. తెలిసిన కేసును పారవేయండి.

వచ్చే పాఠంలో మెడ పొడవు కోత చూద్దాం.