అమరుడైన సైనికుడి పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

తండ్రి సైన్యంలో ఉండగా ఆయన్ని పోగొట్టుకున్న పిల్లలు ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, బీఈడీ లాంటి వృత్తివిద్యా కోర్సుల్లో చేరితే ముందుగా అడగాల్సింది కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500 రూపాయలు. నెలనెలా రావు, ఏడాదికి ఒకసారి 36,000 లేదా 30,000 నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. డబ్బు జాతీయ రక్షణ నిధిది. 2006-07లో మొదలైన ఈ పథకం కింద ఏటా కొత్తగా 5,500 మందిని తీసుకుంటారు, అందులో సగం అమ్మాయిలకే.

దరఖాస్తుకు రుసుము లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సంతకానికీ, పరిశీలనకీ, ఢిల్లీకి పంపడానికీ ఎక్కడా పైసా కట్టక్కర్లేదు. "పై కేటగిరీలో వేయిస్తాం, పదివేలు ఇవ్వండి" అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే తెంచేయండి. కేటగిరీని మనుషులు వేయరు, కాగితం వేస్తుంది. ఆ కాగితం మీ ఇంట్లోనే ఉంటుంది.

ముందు అర్హత సంగతి. కోర్సులో చేరడానికి కావలసిన కనీస చదువులో 60 శాతం మార్కులు ఉండాలి. బీటెక్‌కి ఇంటర్ మార్కులు, లేటరల్ ఎంట్రీకి డిప్లొమా మార్కులు, బీఈడీకి, ఎంబీఏకి డిగ్రీ మార్కులు చూస్తారు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకుతో ఇక్కడ పనిలేదు. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి. లేటరల్ ఎంట్రీ వాళ్లకైతే వాళ్లు చేరిన ఏడాది. రెండో ఏడాదిలో గుర్తొచ్చి వెళ్తే తీసుకోరు. దూరవిద్యకు, విదేశాల్లో చదువుకు వర్తించదు. మామూలు బీఏ, బీకాం, బీఎస్సీ చదివే పిల్లలకు దారి వేరే ఉంది, కిందకి వస్తాను.

ఇంకో తికమక. తండ్రి సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ బలగాల్లో పనిచేసి అమరుడైతే, సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగి లాభం లేదు. వాళ్లకూ ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అనే పేరుతోనే, అంతే మొత్తంతో పథకం ఉంది గానీ, అది హోంశాఖది. దాన్ని నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా 2019 నుంచి అందులో ఏటా 500 కేటాయించారు. పేరు ఒకటే కావడంతో ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిరుగుతూ గడువు పోగొట్టుకునే వాళ్లు ఉన్నారు.

పోర్టల్ పని పెద్దదేం కాదు. కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని, వివరాలు నింపి, ఒరిజినల్స్‌ని స్కాన్ చేసి ఎక్కించాలి. జిరాక్స్ కాపీని స్కాన్ చేస్తే తిప్పి పంపుతారు. ఆ తర్వాత ఒరిజినల్స్ అన్నీ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి పరిశీలన చేయించుకోవాలి. అక్కడి నుంచి రాష్ట్ర స్థాయికి, ఆపైన ఢిల్లీకి వెళ్తుంది. సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందనుకుని కార్యాలయానికి వెళ్లకపోతే అది జిల్లా స్థాయిలోనే ఉండిపోతుంది.

బోనఫైడ్ సర్టిఫికెట్ కాలేజీ లెటర్‌హెడ్ మీద ఇచ్చేది కాదు. బోర్డు ఇచ్చిన అనుబంధం-2 నమూనాలోనే నింపించి, సంతకం, ముద్ర వేయించాలి. కోర్సు పేరు, చేరిన ఏడాది, కోర్సు ఎన్నేళ్లు, ఏ సంస్థ గుర్తింపు ఉంది అన్నవి ఖాళీగా వదలకుండా చూసుకోండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో క్యాప్ (సైనికుల పిల్లల) కోటా కోసం తీసుకున్న సర్టిఫికెట్ సీటు వరకే. సైనికుడి కుటుంబమని ధ్రువీకరించే అనుబంధం-1కి బదులు అది పనికిరాదు. అనుబంధం-1 మీద జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం విడిగా కావాలి.

కేటగిరీ ఎక్కడ తేలుతుంది

స్కాలర్‌షిప్పులు వరుస క్రమంలో ఇస్తారు. యుద్ధరంగంలో, సైనిక చర్యలో ప్రాణాలు కోల్పోయిన వారి పిల్లలు, భార్యలు మొదటి కేటగిరీ. సర్వీసులో ఉండగా, సైనిక సేవ కారణంగా మరణించిన వారి కుటుంబాలది మూడో కేటగిరీ. సేవతో సంబంధం లేని కారణంతో పోయిన వారి పిల్లలు ఈ రెండింటిలోకీ రారు.

ఇక్కడ తల్లులు చాలా బాధపడతారు. ఊళ్లో విగ్రహం పెట్టారు, బడికి ఆయన పేరు పెట్టారు, జెండా కప్పి తీసుకొచ్చారు. ఫారంలో మొదటి కేటగిరీ టిక్ చేశారు. దరఖాస్తు మాత్రం తిరిగొచ్చింది. ఆయన త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. సైన్యం రికార్డులో ఆ మరణాన్ని ఏమని నమోదు చేశారన్నదొక్కటే చూస్తారు. బ్యాటిల్ క్యాజువల్టీ (పోరులో మరణం) అని ఉంటే ఒక దారి, ఫిజికల్ క్యాజువల్టీ (పోరు కాని మరణం) అని ఉంటే ఇంకో దారి. సరిహద్దు డ్యూటీలో ఉండగా బండి లోయలో పడి పోయిన జవాను మరణం ఏ రకంలోకి వస్తుందన్నది కూడా ఆ రికార్డే చెబుతుంది.

తేల్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పెన్షన్ పేమెంట్ ఆర్డర్ తీసి చూడండి. లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అని ఉంటే సైనిక చర్యలోనో, ఉగ్రవాదుల లాంటి వారి దాడిలోనో జరిగిన మరణం. ఆయన చివరి జీతమంతా పెన్షన్‌గా వస్తుంది. స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అని ఉంటే సేవ కారణంగా జరిగినది. జీతంలో 60 శాతం వస్తుంది. ఆర్డినరీ అని ఉంటే సేవతో సంబంధం లేనట్టు రాశారని అర్థం. లిబరలైజ్డ్ ఉన్నవాళ్లు ఆయన సర్వీసు రికార్డులుండే రికార్డ్ ఆఫీసు నుంచి బ్యాటిల్ క్యాజువల్టీ సర్టిఫికెట్ కూడా తెప్పించుకుని జతచేయాలి. స్పెషల్ ఉన్నవాళ్లు మొదటి కేటగిరీ టిక్ చేస్తే ఆ తప్పు దిద్దించుకునేలోపు గడువు దగ్గరపడుతుంది. మూడో కేటగిరీ కూడా వరుసలో చాలా పైనే ఉంటుంది, ధైర్యంగా అదే పెట్టండి.

అసలు చిక్కు: పార్ట్-టూ ఆర్డర్

ఎక్కువ మంది వెనుదిరిగేది ఇక్కడే. సైనికుడి పెళ్లి, పిల్లల పుట్టుక లాంటివి జరిగినప్పుడల్లా యూనిట్ పార్ట్-టూ ఆర్డర్ వెలువరిస్తుంది. ఈ బిడ్డ ఈ సైనికుడి బిడ్డే అనడానికి సైన్యం దృష్టిలో ఆధారం అదే. అందులోని పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం కలవాలి.

మన ఇళ్లలో అవి కలవకపోవడానికి కారణాలు తెలిసినవే. బిడ్డ పుట్టిందని జవాను యూనిట్లో చెప్పే నాటికి నామకరణమే అయి ఉండదు. అప్పటికి నోటికొచ్చిన 'సాయి' అని రాయిస్తారు. బడిలో 'కొల్లి సాయికిరణ్' అవుతాడు. ఆధార్‌లో 'కె సాయి కిరణ్'. సైన్యం రికార్డుల్లో ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనుక, కొందరికి అసలే ఉండదు. తల్లి పేరు పెళ్లి నాటి ఆర్డర్‌లో పుట్టింటి పేరుతో, పెన్షన్ ఖాతాలో అత్తింటి పేరుతో ఉంటుంది. ఇక బడిలో వేసేటప్పుడు వయసు చాలదని పుట్టిన తేదీ ఒక ఏడాది ముందుకు రాయించడం మన దగ్గర ఎన్ని ఇళ్లలో జరిగిందో చెప్పక్కర్లేదు. తండ్రి ఉండి ఉంటే ఒక సెలవులో దిద్దించేవాడు. ఆయన లేని ఇంట్లో ఆ పని తల్లి మీద పడుతుంది.

ఇంటిపేరు పొట్టిగా, పొడుగ్గా ఉన్నంత మాత్రానికి ఇద్దరూ ఒకరే అని చెప్పే అఫిడవిట్ సరిపోతుందేమో ముందు జిల్లా కార్యాలయంలో చూపించి అడగండి. పేరే వేరైనా, తేదీ తేడా ఉన్నా అఫిడవిట్‌తో ఆగదు, రికార్డులోనే దిద్దించాలి. పోర్టల్‌లో మెమో ప్రకారం నింపి, తేడాను ఎవరూ గమనించరులే అనుకోవడం వద్దు. పరిశీలనలో మొదట పట్టుకునేది దాన్నే.

దిద్దించే పని ఇలా సాగుతుంది. తల్లి పేరుతో రికార్డ్ ఆఫీసుకు అర్జీ రాయాలి. ఆయన సర్వీస్ నంబరు, హోదా, యూనిట్, మరణించిన తేదీ, పెన్షన్ ఆర్డర్ నంబరు పైనే ఉండాలి. ఇప్పుడు రికార్డులో ఏముంది, ఏమని ఉండాలి అన్నది రెండు వాక్యాల్లో చాలు. పుట్టిన సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ఆధార్, మేజిస్ట్రేట్ ఎదుట చేసిన అఫిడవిట్ జతచేయాలి. పేరు పూర్తిగా మారుతుంటే పత్రికా ప్రకటనలు కూడా అడుగుతారు. అర్జీని జిల్లా సైనిక సంక్షేమ అధికారి ఫార్వర్డింగ్ లేఖతోనే పంపించండి. నేరుగా పోస్టులో వేసిన దానికంటే దానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఒక కాపీ మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి.

ఏ రికార్డ్ ఆఫీసో ఆయన రెజిమెంట్‌ని బట్టి ఉంటుంది. ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డినెన్స్ కోర్ (ఆయుధ సామగ్రి సరఫరా విభాగం) వాళ్లవి సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి కాబట్టి తెలుగు కుటుంబాలు నేరుగా కూడా వెళ్లగలవు. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆర్టిలరీది నాసిక్ రోడ్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్. నావికులది ముంబై, వాయుసేనది ఢిల్లీ.

దిద్దుబాటుకు నెలలు పట్టవచ్చు, మొదటి ఏడాది గడువు మాత్రం ఆగదు. అందుకే సీటు వచ్చాక మొదలుపెట్టే పని కాదిది.

బ్యాంకు విషయంలో ఒక్క మాట. ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి, తల్లితో జాయింట్ ఖాతా వద్దు. ఆధార్ లింక్ అయిందని బ్యాంకు చెప్పే మాట కేవైసీ గురించి కావచ్చు. ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్‌ను ఖాతాకు ముడిపెట్టే ఎన్‌పీసీఐ సీడింగ్ అయిందా అని విడిగా అడగండి. రెండు ఖాతాలుంటే చివరగా సీడింగ్ అయిన దానిలోకే డబ్బు వెళ్తుంది. మొదటి ఏడాది వచ్చాక మిగతా ఏళ్లు వాటంతట అవే రావు. ప్రతి ఏడాదీ కనీసం 50 శాతం మార్కుల మెమోతో రెన్యూవల్ పెట్టుకోవాలి.

బీఏ, బీకాం, బీఎస్సీ చదివే పిల్లలకు రక్షణ శాఖ విద్యా రాయితీ ఉంది. 1971 యుద్ధం ముగిసిన వెంటనే, డిసెంబర్ 18న లోక్‌సభలో ప్రకటించిన పథకమిది. సైనిక చర్యల్లో మరణించిన, కనిపించకుండా పోయిన, శాశ్వత వైకల్యం పొందిన వారి పిల్లలకు ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో ట్యూషన్ ఫీజు తిరిగి చెల్లిస్తుంది. క్యాపిటేషన్ ఫీజు, కాషన్ డిపాజిట్ అందులోకి రావు. 2017లో ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు 10,000 దాటకూడదని పరిమితి పెట్టారు. 2018 మార్చిలో దాన్ని తీసేశారు. పరిమితి ఇంకా ఉందని ఎవరైనా చెబితే నమ్మి తక్కువ క్లెయిమ్ చేయకండి. ఫీజు కట్టిన ఒరిజినల్ రసీదులు పోతే క్లెయిమూ పోయినట్టే కాబట్టి, కాలేజీ ఆఫీసులో వాటిని వదిలి రావద్దు.

ఇంట్లో తొమ్మిదో, పదో తరగతి చదివే పిల్లలుంటే పార్ట్-టూ ఆర్డర్ కాపీ ఈ నెలలోనే తెప్పించండి. పదో తరగతి పరీక్షలకు బడి నామినల్ రోల్స్ (విద్యార్థుల జాబితా) పంపే ముందు పేరు స్పెల్లింగ్‌ను ఆ ఆర్డర్‌కి సరిపోయేలా హెడ్‌మాస్టర్ దగ్గర చూసుకోవచ్చు. ఒకసారి మెమో ముద్రించాక, దాన్ని మార్చడం రికార్డ్ ఆఫీసు పనికంటే తేలికేమీ కాదు.